వంగిన వీపును బల్ల యెత్తును

“నిటారుగా కూర్చుండుము” అని ఉపాధ్యాయులమగు మేము తరగతిలో దినమునకు ఎన్ని మారులు పలుకుదుమో లెక్క లేదు. ఇంటియొద్ద తలిదండ్రులును ఈ మాటనే పలుకుచుందురు. బాలుడు ఒక నిమిషము నిక్కి కూర్చుండి మరల వంగును. దానిని మనము సోమరితనమని నిందింతుమే గాని, వాడు కూర్చున్న బల్ల వాని కొలతకు తగినదా యని విచారించువారు అరుదు. ఆరవ తరగతి బాలునికిని పదవ తరగతి బాలునికిని ఒకే యెత్తు బల్ల వేయుదుము. చొక్కా నట్లు ఒకే కొలతతో అందరికి కుట్టింపము గదా!

దేహమును పనిముట్టునకు లోబరచుట తగదనియు, పనిముట్టునే దేహమునకు తగినట్లు అమర్పవలయుననియు నా అభిప్రాయము. మన సీమలోని నేతపనివారి యిండ్లలో దీనికి దృష్టాంతము కలదు. గుంటమగ్గము నేయువాడు గుంట యంచున కూర్చుండి కాళ్లను లోనికి దించి తొక్కుడు చెక్కలపై నుంచును. నేయు బట్ట చేతుల కందుబాటులో నుండును. పాదములకు ఆనిక, చేతులకు తగిన యెత్తు అను రెండును అందు కుదిరినవి. అయినను దినమంతయు కదలక కూర్చుండుటచే నడుము నొప్పి వారిని విడుచుట లేదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఆసుపని. పోచంపల్లి ఇక్కత్ చీరలకు అద్దకమునకు ముందు నూలును ఒక కొనయందలి మేకునకును ఎదుట అర్ధవలయముగా నాటిన మేకులకును నడుమ పోయవలయును. ఒక చీరకు చేయి సుమారు 9000 మారులు ఇటునటు ఆడవలయును. ఈ పని చేయువారు మిక్కిలిగా స్త్రీలే. పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదై, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఆలేరు మండలమందలి శారాజీపేట నివాసి చింతకింది మల్లేశము, తన తల్లి లక్ష్మి ఈ పనిచే భుజము నొప్పితో బాధపడుట చూచెను. పెద్ద చదువులు చదివినవాడు కాడు. ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసుయంత్రమును ముగించి దానికి తల్లి పేరే పెట్టెను. గంటల తరబడి పట్టెడు పని గంటన్నరకు దిగినది. 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. తల్లిని ఓర్చుకొమ్మని చెప్పి యూరకుండక, ఆయన పనిని మార్చెను. బాలుని విషయమున మనము చేయనిది ఇదియే.

క్రొత్త బల్లలకు ధనమెక్కడిదని అడుగుదురు. బాలుని పాదములు నేల కానకున్నచో క్రింద ఒక ఇటుకను గాని చెక్కను గాని ఉంచుడు. వ్రాయు పలక మోచేతి మట్టమున నుండవలయును. చదువు పుస్తకమును ఏటవాలుగా నిలుపుడు. పూర్వము దుకాణములలో గుమాస్తాలు వాలుపెట్టెపై లెక్కలు వ్రాసినది ఊరక కాదు. నేలపై కూర్చుండి చదువు పిల్లలకు పుస్తకము క్రింద ఒక పీట చాలును. ల్యాప్‌టాపు మరియొక చిక్కు: మీటలు చేతికి తగిన యెత్తున నున్నచో తెర క్రిందికి పోవును, తెర కంటికి ఎదురైనచో మీటలు పైకి పోవును. కావున దానిని ఎత్తున నుంచి మీటల పలకను వేరుగా పెట్టుకొనుట మేలు. ఒడిలో సెల్‌ఫోను పెట్టుకొని మెడ వంచువారికి మాత్రము ఏ వడ్రంగియు సాయపడజాలడు! అరగంట కొకమారు లేచి నాలుగడుగులు వేయుట అందరికిని అవసరము.

జూన్ నెలలో పాఠశాల తెరచునప్పుడు వ్యాయామోపాధ్యాయులు పిల్లల ఎత్తును కొలుచునెడ మోకాటినుండి నేలవరకు గల కొలతను కూడ వ్రాసికొనవలయును. బల్లలను మూడు ఎత్తులుగా విభజించి ఆ కొలతలనుబట్టి పంచవచ్చును. పొట్టి పిల్లలకు కావలసినవానికి కాళ్లు కొంత కోయించినచో సరిపోవును. అది వేసవి సెలవులలో వడ్రంగి చేయదగిన పని.