మీ ప్రాసెసరుకి మీరెవరో తెలీదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా రూములో పెద్ద గొడవైంది. రాజకీయాల మీద కాదు, సినిమాల మీద కాదు, కనీసం కరెంటు బిల్లు పంచుకునే దగ్గర కూడా కాదు. స్నాప్‌డ్రాగన్ గొప్పదా, మీడియాటెక్ గొప్పదా అని! ఇద్దరూ నాకు కాలేజీ నుంచి స్నేహితులే. ఇద్దరూ ఆరేళ్ళుగా జావా రాసుకుంటూ బతుకుతున్నవాళ్ళే. ఆ రెండు కంపెనీల్లో ఇద్దరికీ ఒక్క షేరు కూడా లేదు. అయినా మాటా మాటా పెరిగి, తెప్పించుకున్న బిర్యానీ చల్లారిపోయి, చివరికి ఒకడు ప్లేటు అక్కడే వదిలేసి బయటికెళ్ళిపోయాడు. ఇది రాసే సమయానికి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

నవ్వొస్తోంది కదూ? నాకూ వచ్చేదే, నేను వెలగబెట్టిన నిర్వాకం గుర్తుకు రాకపోయుంటే.

మూడేళ్ళ క్రితం మా నాన్నకి ఫోను కొనిచ్చాను. 40 వేలు పైచిలుకు, ఈఎంఐలో. నాన్న అడిగింది 15 వేల లోపు ఫోను. నేనే వినలేదు. అందులో నేను అభిమానించే కంపెనీ ప్రాసెసరు ఉంది మరి, అదీ టాప్ మోడలు. ఏ కంపెనీయో చెప్పను. చెప్పానంటే మీలో సగం మంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు, మిగతా సగం చప్పట్లు కొడతారు. రెండూ నాకొద్దు.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, మిర్చి వేస్తాం. మార్చి నెలాఖర్లో కల్లంలో తేజ మిర్చి ఎండబోసి, వీడియో కాల్లో ఖరీదుదారుకి రంగు చూపిస్తున్నాడు నాన్న. అయిదు నిమిషాలకి తెర మసకబారింది. ఇంకో రెండు నిమిషాలకి ఫోను వేడెక్కిందని సందేశం ఇచ్చి కెమెరా ఆగిపోయింది. మూడుసార్లు అలాగే. చివరికి కోతకొచ్చిన కూలీ దగ్గర పాత ఫోను అడిగి తీసుకుని దాంట్లో చూపించాడట. సాయంత్రం నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్తే నేనేమన్నానో తెలుసా? "నాన్నా, ఆ చిప్పు చాలా పవర్‌ఫుల్. నువ్వు ఎండలో పెట్టి వాడితే అదేం చేస్తుంది? కవరు తీసి వాడు, వెనకాల యాప్‌లన్నీ మూసెయ్" అన్నాను. నాన్న కాసేపు ఊరుకుని, "ఎండలో కాకపోతే మిరపకాయలు ఇంట్లో ఎండబోస్తార్రా?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చూడండి, తప్పు ఫోనుది. నేను తప్పు పట్టింది మా నాన్నని. ఎందుకు? నా ప్రాసెసరు మీద మాట పడకూడదని! ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది? అందుకే ఇది రాస్తున్నాను.

అసలు విషయానికొద్దాం. "స్నాప్‌డ్రాగన్ అంటే క్వాలిటీ, మీడియాటెక్ అంటే చవక సరుకు, ఎక్సినోస్ అంటే కుంపటి". ఈ మూడు ముక్కలూ వినని ఐటీ ఉద్యోగి ఉండడు. ఒకసారి 2022 నాటి టాప్ ఫోన్లలో ఉన్న చిప్పులు తెరిచి చూద్దాం. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1, డైమెన్సిటీ 9000, ఎక్సినోస్ 2200. మూడింట్లోనూ ఒక కార్టెక్స్-ఎక్స్2, మూడు కార్టెక్స్-ఎ710, నాలుగు కార్టెక్స్-ఎ510 కోర్లు. మూడూ కేంబ్రిడ్జిలో ఉన్న ఆర్మ్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకున్నవే. అంటే సీపీయూ వరకూ మనం కొట్టుకున్నది ఒకే వంటకాన్ని మూడు హోటళ్ళు వడ్డిస్తే, ప్లేటు మీద పేరు గురించి.

మరి తేడా ఎక్కడొచ్చింది? పొయ్యి దగ్గర. మొదటిదీ మూడోదీ శాంసంగ్ ఫ్యాక్టరీలో 4 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యాయి. డైమెన్సిటీ 9000 మాత్రం తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ 4 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. ఆ ఏడాది వేడి గురించి తిట్లు తిన్నది మొదటిదీ మూడోదీ. నమ్మకం కుదరకపోతే ఇంకో సంగతి చూడండి. అదే 2022 మే నెలలో క్వాల్‌కామ్ తన డిజైన్‌నే టీఎస్‌ఎంసీకి పట్టుకెళ్ళి 8 ప్లస్ జెన్ 1 అని విడుదల చేసింది. వేగం 10 శాతం పెరిగిందనీ, కరెంటు వాడకం 30 శాతం దాకా తగ్గిందనీ ఆ కంపెనీయే చెప్పుకుంది. అదే బ్రాండు, అవే కోర్లు, ఆర్నెల్ల తేడా. ఇప్పుడు చెప్పండి, "స్నాప్‌డ్రాగన్ మంచిది" అనే వాక్యానికి అర్థం ఏమైనా మిగిలిందా? ఏ స్నాప్‌డ్రాగన్?

ఆపిల్ భక్తులు ముసిముసిగా నవ్వుతున్నట్టున్నారు, ఆగండి. 2015లో ఐఫోన్ 6ఎస్‌లో ఎ9 చిప్పుని శాంసంగ్ దగ్గర కొన్ని, టీఎస్‌ఎంసీ దగ్గర కొన్ని చేయించారు. ఒకే ధర, ఒకే పెట్టె, లోపల ఏదొస్తుందో మీ అదృష్టం. బ్యాటరీ విషయంలో తేడా 2, 3 శాతమేనని ఆపిల్ చెప్పింది. ఎంతైనా గానీ, కొనేవాడికి ఎంచుకునే వీలు లేదు. శాంసంగ్ వాళ్ళ సంగతి సరేసరి. 2020లో గెలాక్సీ ఎస్20 పేరుతో అమెరికాలో స్నాప్‌డ్రాగన్ 865 ఇచ్చి, అదే పేరుతో మనకి ఎక్సినోస్ 990 ఇచ్చారు. మన అభిమానం పెట్టె మీది పేరు దగ్గరే ఆగిపోతుంది, వాళ్ళ లెక్కలు మాత్రం లోపలి సిలికాన్ దాకా వెళ్తాయి.

"మీడియాటెక్ అంటే చవక" అన్న మాటకీ ఒక చరిత్ర ఉంది, ఏమాటకామాటే. పదేళ్ళ పైచిలుకు క్రితం మన దేశంలో వచ్చిన చవక డ్యూయల్ సిమ్ ఫోన్లలో ఎక్కువ ఆ చిప్పులే. అప్‌డేట్లు వచ్చేవి కావు, కెర్నల్ సోర్సు దొరికేది కాదు, కస్టమ్ రామ్ వేసుకునే కుర్రాళ్ళు తిట్టుకునేవాళ్ళు. 2014 డిసెంబరులో ఎరిక్సన్ పేటెంట్ల కేసులో ఢిల్లీ హైకోర్టు షియోమీ అమ్మకాలు ఆపేసి, తర్వాత క్వాల్‌కామ్ చిప్పున్న ఫోన్లకి మాత్రం తాత్కాలికంగా అనుమతిచ్చింది. అలా ఆ పేరుకి మచ్చ పడింది. కానీ మచ్చ పడిన ఏడాదిని పట్టుకుని ఇవాళ్టి చిప్పుని తిట్టడం ఇంజనీరు చేసే పనేనా? మన కోడులో బగ్గు సరిచేశాక కూడా టెస్టరు పాత స్క్రీన్‌షాటే చూపిస్తే ఊరుకుంటామా?

పోనీ ఎవరైనా మన అభిమానానికి తగ్గట్టు నిజాయితీగా ఉన్నారా అంటే, అదీ లేదు. 2013లో గెలాక్సీ ఎస్4 బెంచ్‌మార్క్ యాప్‌లని గుర్తుపట్టి వాటికి మాత్రం వేగం పెంచుతోందని ఆనంద్‌టెక్ బయటపెట్టింది. 2020లో మీడియాటెక్ ఫోన్లలోనూ అలాంటి జాబితాని వాళ్ళే పట్టుకున్నారు. 2021లో వన్‌ప్లస్ 9 ఫోన్లు రోజూ వాడే యాప్‌ల వేగం చాటుగా తగ్గిస్తున్నాయని కూడా వాళ్ళే తేల్చారు. 2022 మార్చిలో శాంసంగ్ గేముల సర్వీసు వేలాది యాప్‌లని నెమ్మది చేస్తోందని గగ్గోలు పుడితే, గీక్‌బెంచ్ ఆ ఫోన్లని తన జాబితా నుంచి తీసేసింది. 2017 డిసెంబరులో పాత బ్యాటరీలున్న ఐఫోన్లని నెమ్మది చేస్తున్నామని ఆపిల్ ఒప్పుకుంది. గురివింద గింజలు కానివాళ్ళు ఒక్కరున్నారా ఇందులో?

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వీళ్ళలో ఎవరైనా దారికొచ్చారంటే అది అభిమానుల వల్ల కాదు. బ్యాటరీ మారిస్తే ఐఫోన్ మళ్ళీ పరిగెడుతోందని ఎవరో కొలిచి చూశారు కాబట్టి ఆపిల్ క్షమాపణ చెప్పింది, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది, 2018లో బ్యాటరీ ఆరోగ్యం చూపించే వీలు పెట్టింది. కొరియాలో డబ్బు పెట్టి కొన్నవాళ్ళు గొడవ చేశారు కాబట్టే శాంసంగ్ అప్‌డేట్ ఇచ్చింది. ఆ రోజుల్లో "అబ్బే, అది మన మంచికే" అని కంపెనీని వెనకేసుకొచ్చిన అభిమానులు తమ జేబులు కొట్టేవాడికి నిచ్చెన పట్టుకున్నారు. అన్నట్టు, ఇన్నింటిని కొలిచి చెప్పిన ఆనంద్‌టెక్ 2024లో మూతపడింది. అభిమాన సంఘాలు మాత్రం బ్రహ్మాండంగా నడుస్తున్నాయి :(

"గ్రాఫిక్స్ డ్రైవర్లు, మోడెమ్, కెమెరా ప్రాసెసింగ్ వేరు కదా, అన్నీ ఒకటే అంటావేంటి?" అంటారా? నిజమే, ఒప్పుకుంటాను. పైగా 2024లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌లో క్వాల్‌కామ్ సొంత ఓరియాన్ కోర్లు పెట్టింది, కాబట్టి "అవే కోర్లు" అనే వాదన దానికి చెల్లదు. ఎమ్యులేటర్లు ఆడేవాడు అడ్రీనో డ్రైవర్ల కోసం స్నాప్‌డ్రాగన్ కొంటే నాకేం అభ్యంతరం లేదు. అది కారణం. కారణం చెప్పి కొనడం వేరు, కొన్నాక కారణాలు వెతుక్కోవడం వేరు. రెండో దాన్నే పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారు.

"సరదాకి కొట్టుకుంటాం, నీకేంటి?" అనేవాళ్ళూ ఉన్నారు. కొట్టుకోండి. కానీ మన ఇళ్ళల్లో మన స్థానం ఏంటో ఒక్కసారి ఆలోచించండి. పిన్నిగారి అబ్బాయి కాలేజీలో చేరినా, బావకి పాత ఫోను పాడైనా, మామయ్య రిటైరైనా మొదటి ఫోను మనకే వస్తుంది. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఏది కొనమంటావు?" అని. వాళ్ళు మన మాట మీద నెల జీతం పెట్టేస్తారు. అక్కడ మనం ఇంజనీరుగా మాట్లాడుతున్నామా, కటౌట్‌కి పాలు పోసే అభిమానిగా మాట్లాడుతున్నామా?

ఇకనుంచి నేనడిగే ప్రశ్నలు ఇవి. మొదటి నిమిషం స్కోరు కాదు, ఇరవై నిమిషాలు వాడాక వేగం ఎంత మిగిలింది? చిప్పు ఏ ఫ్యాక్టరీది? ఆ ఫోనులో వేడి బయటికి పోవడానికి ఏం పెట్టారు? సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు? (గూగుల్ పిక్సెల్ 8తో 2023లో, శాంసంగ్ ఎస్24తో 2024లో ఏడేళ్ళు ఇస్తామన్నాయి, కాబట్టి రెండేళ్ళు అనేవాణ్ణి నిలదీయొచ్చు.) అన్నిటికన్నా ముఖ్యం, మన ఎండ. చెయ్యి కాలకుండా ఉండాలంటే ఫోను ఒళ్ళు నలభై చిల్లర డిగ్రీలు దాటకూడదు. బయటే 43 ఉంటే లోపలి వేడి ఎక్కడికి పోతుంది? ఏసీ గదిలో తీసిన స్కోరు ఖమ్మంలో మిర్చి కల్లానికి పనికిరాదు. ఈ చిన్న లెక్క ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనే చదివాను, పరీక్షలో రాశాను, ఫోను కొనేటప్పుడు మాత్రం మర్చిపోయాను.

మా నాన్నకి పోయినేడు ఫోను మార్చాను. 14 వేలు. అందులో ఉన్నది నేను జన్మలో ముట్టుకోనని ఒట్టేసిన కంపెనీ ప్రాసెసరే. అది గొప్పదని కాదు, ఆ ఫోనులో ఆ పనికి సరిపోయింది, అంతే. వచ్చేసారి వేరేది సరిపోవచ్చు. దాని పేరు నాన్నకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఈ ఏడాది కల్లం నుంచి వీడియో కాల్ చేసి పావుగంట మాట్లాడాడు. ధర గురించి, అమ్మ మోకాలి నొప్పి గురించి, నా పెళ్ళి గురించి. ఫోను గురించి ఒక్క మాటా రాలేదు.