పట్టుబడిన విమానం, పట్టుబడని అబద్ధం

1965 సెప్టెంబరు 3న భారత వాయుసేనకు చెందిన నాట్ యుద్ధవిమానం ఒకటి పాకిస్తాన్‌లోని పస్రూర్ విమానక్షేత్రంలో దిగింది. నడిపిన స్క్వాడ్రన్ లీడర్ బ్రిజ్‌పాల్ సింగ్ సికంద్ యుద్ధఖైదీ అయ్యారు. ఐఇ 1083 అనే సంఖ్య గల ఆ విమానం నేటికీ కరాచీ వాయుసేన మ్యూజియంలో ప్రదర్శనకు ఉంది. విమానం ఒక్కటే, దాని ఛాయాచిత్రానికి కథలు మాత్రం రెండు. తమ స్టార్‌ఫైటర్ విమానమే దానిని బలవంతంగా దింపిందని పాకిస్తాన్ వారి వాదన. తోటి విమానాల నుండి విడిపోయి, దారి తప్పి, మన క్షేత్రమేననుకొని దిగారని మనవారి వివరణ. ఫొటోలో విమానం కనిపిస్తుంది, దాని మీది అంకె కనిపిస్తుంది. ఎందుకు దిగిందో కనిపించదు. ఆ సంగతి కింద వ్యాఖ్య రాసినవాని చేతిలో ఉంది.

ముస్లింల హక్కుల పత్రికలో విమానాల ముచ్చట ఎందుకని కొందరు అడుగవచ్చు. యుద్ధం వచ్చిన ప్రతిసారీ అదే చేయి మన మీద కూడా వ్యాఖ్య రాస్తున్నది, అందుకు.

అదే 1965 యుద్ధంలో ‘ముస్లిం రెజిమెంట్’ పోరాడడానికి నిరాకరించిందనే కట్టుకథ ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతున్నది. స్వతంత్ర భారత సైన్యంలో ఆ పేరుగల రెజిమెంటే లేదు. లేని రెజిమెంటు నిరాకరించడమేమిటి? 2020 అక్టోబరులో నౌకాదళ మాజీ అధిపతి అడ్మిరల్ రామదాస్ సహా సుమారు 120 మంది మాజీ సైనికులు ఈ అబద్ధంపై చర్య తీసుకోవాలని రాష్ట్రపతికి లేఖ రాయవలసి వచ్చింది. ఆ యుద్ధంలోనే ఖేమ్‌కరణ్ రంగంలో, జీపుపై అమర్చిన ఫిరంగితో పాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి నేలకొరిగిన 4వ గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించింది. శత్రువు వదలిపోయిన ట్యాంకులను భిఖీవిండ్ వద్ద వరుసగా నిలిపిన చోటికి పాటన్ నగర్ అని పేరు వచ్చింది. ఆ ట్యాంకుల ఫొటోను గర్వంగా పంపే చేతులే, మరుక్షణం లేని రెజిమెంటు కథనూ పంపుతున్నాయి.

2025 మే నెల సంగతి చూడండి. బహావల్‌పూర్ దగ్గర కూలిన రఫేల్ అంటూ పాకిస్తాన్ అనుకూలురు ఒక ఫొటో తిప్పారు. అది 2021లో పంజాబ్‌లోని మోగాలో కూలిన మన మిగ్-21దని కేంద్ర ప్రభుత్వ పీఐబీ నిజనిర్ధారణ విభాగం తేల్చింది. 2024లో బాడ్‌మేర్‌లో కూలిన మిగ్-29 చిత్రానికీ అదే గతి పట్టింది. మన వైపు మాత్రం తక్కువ జరిగిందా? ఆర్మా 3 అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు సరిహద్దుకు ఇటూ అటూ అసలు యుద్ధంగా చెలామణి అయ్యాయి.

విమానం సంగతి సరే, ఇనుముకు పరువు లేదు. మే 7న పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగి దాడికి ఒక మదరసా ఉపాధ్యాయుడు బలయ్యారు. కొన్ని టీవీ ఛానళ్లు ఆయన ఫొటో చూపి ఉగ్రవాది హతమయ్యాడని ప్రకటించాయి. అది అబద్ధమని పూంఛ్ పోలీసులే చెప్పవలసి వచ్చింది. జూన్‌లో అక్కడి న్యాయస్థానం కేసు నమోదుకు ఆదేశించింది. గడ్డం, టోపీ ఉన్న ముఖం దొరికితే చాలు, ఆ ఫొటో ఎవరిదని అడిగే నాథుడు లేడు. శత్రువు గుండుకు చనిపోయినవానిని స్వదేశీ తెర మీద మరల చంపారు. ఆ వారంలోనే మా పక్క శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ, అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణమిచ్చాడు. నిజమైన మరణాలు ఇన్ని ఉండగా బొమ్మల ఆటలోని పేలుళ్లు దేనికి?

ఇక మనవారితో ఒక మాట. మన యువకులు కొందరు దేశభక్తి నిరూపించుకోవాలన్న తొందరలో, ‘మనవాళ్లు పట్టుకున్న శత్రు విమానం’ అని వచ్చిన ప్రతి బొమ్మనూ అందరికంటే ముందు పంపుతున్నారు. ఎవరి ముందు ఈ సంజాయిషీ? అబ్దుల్ హమీద్ వారసులు దొంగ బొమ్మతో విధేయత చాటుకోవలసిన పని లేదు. పైగా రేపు అది అబద్ధమని తేలితే, పంపిన వందమందిలో పోలీస్ స్టేషన్‌కు మొదట పిలుపు వచ్చేది ఎవరికో మనకు తెలియనిది కాదు. హుజురాత్ సూరా ఆరవ ఆయతు చదువుకున్న ఇంట ఇంతకంటే చెప్పనక్కరలేదు.

నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో ఇన్వర్డు నంబరు, తేదీ లేని కాగితం మీద ఏ అధికారీ సంతకం చేసేవాడు కాదు. బోరుబావి ఎండిందని రైతు ఇచ్చిన అర్జీకి కూడా సర్వే నంబరు అడిగిన రాజ్యమిది. మనిషిని ఉగ్రవాది అనే ఫొటోకు మాత్రం ఏ నంబరూ అడగదు! ఫొటో పుట్టుక పట్టుకోవడం బ్రహ్మవిద్య కాదు. రెక్క మీది గుండ్రని గుర్తు చూడాలి: కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అయితే మనది, ఆకుపచ్చ, తెలుపు మాత్రమే అయితే పాకిస్తాన్‌ది. విమానం మీది సంఖ్య చదవాలి. గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ ఇంతకు ముందు ఏ తేదీన అచ్చయిందో వెదకాలి. యుద్ధం కంటే పాత తేదీ దొరికితే అక్కడితో సరి.

మా బెళుగుప్ప మొదలుకొని ప్రతి మండలంలోనూ మసీదు కమిటీల వాట్సాప్ గ్రూపులున్నాయి. ఎక్కడిది, ఎప్పటిది అని రాయని యుద్ధ చిత్రాన్ని నిర్వాహకులు వెంటనే తొలగించాలి. మనపై అబద్ధపు ఫొటో వస్తే, ఆవేశపడి తిట్లు రాయకుండా, దాని ప్రింటుకు అసలు తేదీ గల పాత ప్రతిని జతచేసి ఎస్పీ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. రసీదు లేని అర్జీ ఏమవుతుందో ముప్పై ఏళ్లకు పైగా బల్లకు ఇవతల కూర్చుని చూశాను.