బ్రూక్లిన్ బడులలో చదువు ఎవరి హక్కు?

తన మతాన్నీ భాషనూ బిడ్డలకు అందించుకొనే హక్కు ప్రతి సమాజానికీ ఉంది. అయితే ఆ బిడ్డలకు దేశభాషనూ లెక్కలనూ నేర్పే బాధ్యత ఎవరిది? న్యూయార్క్ నగరంలో పదేళ్లకు పైగా సాగుతున్న యెషీవాల వివాదానికి మూలం ఈ ప్రశ్నే.

యెషీవా అంటే యూదుల ధర్మశాస్త్రాలను బోధించే పాఠశాల. నాజీల మారణకాండ నుండి బయటపడిన హసీదీ గురువులూ వారి శిష్యులూ రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ వంటి పేటలలో స్థిరపడ్డారు. ఐరోపాలో నేలమట్టమైన తమ లోకాన్ని తిరిగి నిలబెట్టుకొనడానికి వారు బడిని ఆశ్రయించారు. అక్కడ బోధన ప్రధానంగా యిడ్డిష్ భాషలో సాగుతుంది. మగపిల్లల దినచర్యలో అధిక భాగం తోరా, తల్ముద్ అధ్యయనానికే చెల్లుతుంది. ఈ పట్టుదల వెనుక ఉన్న గాయాన్ని తక్కువగా అంచనా వేయరాదు.

ప్రైవేటు బడులలోని విద్య ప్రభుత్వ బడులలోని విద్యకు దాదాపు సమానంగా ఉండాలని న్యూయార్క్ రాష్ట్ర చట్టం పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండీ చెబుతూనే ఉంది. ఆ నియమం అమలు కావడం లేదని 2015లో కొందరు పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు ముప్పైకి పైగా యెషీవాలపై నగర విద్యాశాఖకు ఫిర్యాదు చేశారు. ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రం నామమాత్రంగా సాగుతున్నాయనీ, పదమూడేళ్లు నిండాక చాలామంది బాలురకు అవి కూడా ఉండవనీ వారి ఆరోపణ. 2019లో వెలువడిన నగర నివేదిక ప్రకారం, అధికారులు సందర్శించిన 28 బడులలో రెండు మాత్రమే ప్రమాణాన్ని అందుకున్నాయి. 2023లో 18 బడులు విఫలమైనట్లు నగరం తేల్చింది.

ప్రభుత్వ జోక్యం మతస్వేచ్ఛకు భంగమని యెషీవాల పక్షం వాదిస్తుంది. పిల్లలందరినీ ప్రభుత్వ బడులకే పంపాలని శాసించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1925లోనే చెప్పిన మాట నిజం. కాని బడులను సమంజసంగా నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉందని కూడా ఆ తీర్పే అంగీకరించింది. రాష్ట్ర విద్యామండలి 2022లో ఆమోదించిన నిబంధనలను న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2025 జూన్‌లో సమర్థించింది.

ఈ వాదానికి అసలైన జవాబు కోర్టులో కంటే ఆ సమాజంలోనే దొరుకుతుంది. హసీదీ బాలికల బడులలో ఇంగ్లీషుకూ లెక్కలకూ బాలుర బడులలో కంటే ఎక్కువ సమయం లభిస్తుంది. తల్ముద్ అధ్యయనం సంప్రదాయంగా పురుషుల విధి కావడమే ఇందుకు కారణం. ఇంగ్లీషు చదివినందువల్ల ఆ బాలికలు మతానికి దూరం కాలేదు. ఆ ఇళ్లలో ఆచారాలను నిలుపుతున్న తల్లులు వారే. న్యూయార్క్‌లోని ఆధునిక ఆర్థడాక్స్ యూదు పాఠశాలలు ధర్మశాస్త్రాన్నీ కళాశాలకు తగిన లౌకిక విద్యనూ ఒకే కప్పు కింద బోధిస్తున్నాయి. దేశభాష నేర్పితే మతం కరిగిపోతుందన్న భయానికి ఈ రెండు ఉదాహరణలూ సమాధానం చెబుతున్నాయి.

అయినా పరిష్కారం దూరంగానే ఉంది. హసీదీ పేటలలో ఓట్లు గురువుల మాటను బట్టి గుంపుగా పడతాయన్నది న్యూయార్క్ నాయకులందరూ ఎరిగిన సంగతి. 2025లో బడ్జెట్‌తో పాటు శాసనసభ చేసిన సవరణ నిబంధనలను సడలించి, పూర్తిస్థాయి అమలును 2032-33 విద్యా సంవత్సరం వరకు వాయిదా వేసింది. నాయకులకు ఏడేళ్లు రెండు ఎన్నికల మధ్య కాలంలా తోచవచ్చు. కాని 2025లో ఆరేళ్ల వయసున బడిలో చేరిన బాలునికి అప్పటికి పదమూడేళ్లు నిండుతాయి.

అల్పసంఖ్యాకుల బడి వారి ఉనికికి కోట. ఆ కోటకు ద్వారం కూడా ఉండాలి. లోపలే ఉండాలని కోరుకొనే బిడ్డకు కూడా బతుకుతెరువు కోసం ఆ ద్వారం దాటక తప్పదు.