పీఈటీ సారుకు పైమెట్టు ఏది?

సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. 1909లో పుట్టి, ఉస్మానియాలో బీఏ చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకుని, రిటైరయ్యేదాకా దాన్ని వదల్లేదు. ఈ పంతులే 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును, ఆ వెంటనే భారత ఫుట్‌బాల్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. భారత ఫుట్‌బాల్‌కు అంతకు మించిన కాలం తిరిగి రాలేదు.

చిన్న బడిలోనో చిన్న కాలేజీలోనో జట్టును తయారు చేసిన మనిషి పెద్ద జట్టును నడపగలడా అన్నది ఆటల లోకంలో ఎప్పుడూ నలిగే ప్రశ్న. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇదే చర్చ. అక్కడ ఎవరికీ పెద్దగా తెలియని కాలేజీ జట్టు ఒక సీజన్‌లో పెద్దవాళ్లను ఓడించిందంటే, దాని కోచ్‌కు పెద్ద యూనివర్సిటీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో పీఈటీ సారుకు అలాంటి ఫోన్ రాదు. ప్రతిభ లేక కాదని చెప్పడానికి రహీం జీవితం ఒక్కటి చాలు.

బడిలో పనిచేసేవారికి ఆటగాళ్లను ఏరుకునే వీలుండదు. తరగతిలో ఉన్న పిల్లలే జట్టు. పొట్టివాడున్నా, ఎడమకాలు బొత్తిగా ఆడనివాడున్నా వాళ్లతోనే గెలవాలి. లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేయడం తప్ప వేరే దారి లేదు. రహీం పద్ధతుల్లో ఈ బడి అనుభవమే కనిపిస్తుంది. 1943 నుంచి ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆ హోదాలో మరెక్కడా చూడని పోటీలు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ పోకుండా వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి.

వినడానికి పిల్లల ఆటల్లా ఉన్నా వీటి వెనక లోతైన ఆలోచన ఉంది. కుడికాలి ఆటగాడు ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకోవడానికి ఒక అడుగు అదనంగా వేస్తాడు. ఆ కాస్త వ్యవధిలో ప్రత్యర్థి వచ్చి మీద పడతాడు. బలహీన కాలి పోటీ ఆ అడుగును మాన్పిస్తుంది. డ్రిబ్లింగ్ లేని పోటీలో బంతి చేరకముందే తలెత్తి, ఎవరు ఎక్కడున్నారో చూసుకోక తప్పదు. ఒంటి బలం మీద, పరుగు మీద ఆధారపడే జట్లు ఉన్న రోజుల్లో హైదరాబాదీల ఆట పాసుల మీద నడిచిందంటే ఈ సాధనే కారణం. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలను తెచ్చింది.

పైస్థాయికి వెళ్లిన వెంటనే అంతా కలిసిరాలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, ఆ చలిలో, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఇప్పటి రోజుల్లో అలాంటి ఓటమి తర్వాత ఏ కోచ్ కుర్చీ అయినా నిలవడం కష్టం. రహీం నిలిచారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ ఆ మ్యాచ్‌లోదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. 4-1తో ఓడినా రెండు స్కోర్ల మధ్య తేడా చూస్తే నాలుగేళ్ల పని విలువ తెలుస్తుంది.

జకార్తాలో రహీం తీసుకున్న ఒక నిర్ణయాన్ని దగ్గరగా చూడాలి. ఆ టోర్నీ మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతున్నప్పుడు వెనక వరసకు ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక నిలబడి గాల్లో బంతులను ఢీకొనడం ప్రమాదం. అలాగని అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు. సెమీఫైనల్లో ముందు వరసకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఒక గోలు పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది. అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. జట్టులో ఎవరికైనా గాయమైతే ఉన్నవాళ్లనే అటూ ఇటూ మార్చి సర్దుకోవడం బడి జట్ల దగ్గర పనిచేసినవారికి నిత్యకృత్యం. జకార్తాలో లక్షమంది ముందు అక్కరకు వచ్చింది ఆ నేర్పే.

రహీం కంటే ఏడాది చిన్నవాడైన అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ కథ దీనికి దగ్గరి బంధువు. ఆయనా పంతులే, ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవాడు. 1932లో కెంటకీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊరి హైస్కూల్లో మొదలుపెట్టాడు. తొలి సీజన్‌లో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. తర్వాత సౌత్ బెండ్ సెంట్రల్ హైస్కూలు, 1946 నుంచి రెండేళ్లు ఇండియానా స్టేట్ టీచర్స్ కాలేజీ. అక్కడ ఆయన చేసిన ఒక పని ట్రోఫీల కన్నా పెద్దది. 1947లో జాతీయ పోటీకి ఆహ్వానం వచ్చింది. నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశం లేదన్నారు. జట్టులో క్లారెన్స్ వాకర్ ఉన్నాడు, అతన్ని వదిలి వచ్చేది లేదని వుడెన్ ఆహ్వానాన్ని తిప్పికొట్టాడు. మరుసటి ఏడు నిబంధన మారింది, వాకర్ ఆడాడు. 1948లో వుడెన్ లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏకు వెళ్లాడు. తొలి జాతీయ టైటిల్ వచ్చింది మాత్రం 1964లో. అక్కడివాళ్లు పదహారేళ్లు ఆగారు. ఆగినందుకు 1975 లోపు పన్నెండు సీజన్లలో పది టైటిళ్లు దక్కాయి. హెల్సింకి తర్వాత రహీం మీద నమ్మకం ఉంచినవారికి, యూసీఎల్ఏ పాలకులకు ఫలితం ఒకేలా వచ్చింది. కింది నుంచి వచ్చిన శిక్షకుడికి పైవాళ్లు ఇవ్వాల్సింది ముందు వ్యవధి.

ఇప్పటి అమెరికాలో ఆ వ్యవధి కుంచించుకుపోయింది, ప్రయాణం మాత్రం వేగమైంది. బెన్ మెకాలమ్ నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ అనే రెండో శ్రేణి కాలేజీకి 2017, 2019, 2021, 2022 సంవత్సరాల్లో టైటిళ్లు తెచ్చాడు. 2024లో మొదటి శ్రేణిలోని చిన్న యూనివర్సిటీ డ్రేక్‌కు వెళ్తూ పాత కాలేజీ నుంచి నలుగురు ఆటగాళ్లను వెంట తీసుకెళ్లాడు. రెండో శ్రేణి నుంచి వచ్చిన ఆ పిల్లలతోనే డ్రేక్ ఆ సీజన్‌లో 31 మ్యాచ్‌లు గెలిచింది. ఏడాది తిరిగేసరికి ఆయన అయోవా యూనివర్సిటీలో ఉన్నాడు, ప్రధాన ఆటగాడు బెన్నెట్ స్టిర్ట్జ్ కూడా వెంటే వెళ్లాడు. 2021 నుంచి ఆటగాళ్లు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారే వీలు వచ్చింది కాబట్టి కోచ్‌తో పాటు జట్టు సగం తరలిపోతోంది. ఒప్పందాన్ని మధ్యలో వదిలి వెళ్తే చిన్న కాలేజీకి పరిహారం చెల్లించే ఏర్పాటు ఉంటుంది కానీ, ఆటగాళ్లు వెళ్లిపోయిన ఖాళీని డబ్బు వెంటనే పూడ్చలేదు. ఇలా ఎదిగినవారిని తప్పుపట్టడం అన్యాయం. అయితే 1999 నుంచి గొన్‌జాగా అనే చిన్న యూనివర్సిటీని వదలకుండా, దాన్నే పెద్దవాటి సరసన నిలబెట్టిన మార్క్ ఫ్యూకి ఎక్కువ గౌరవం దక్కాలి.

పైకి వెళ్లిన ప్రతివారూ నెగ్గుతారని కాదు. చిన్న కాలేజీల నుంచి మెట్టుమెట్టుగా మిషిగన్ దాకా ఎక్కిన జాన్ బీలైన్, 2019లో వృత్తి లీగ్ జట్టు క్లీవ్‌లాండ్‌కు వెళ్లి సీజన్ మధ్యలోనే, 2020 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. పద్దెనిమిదేళ్ల పిల్లలను తీర్చిదిద్దే నేర్పు, కోట్లు సంపాదించే పెద్దవాళ్లను ఒప్పించే నేర్పు వేర్వేరు. లూయివిల్ యూనివర్సిటీ నుంచి 2017లో ఉద్వాసనకు గురైన కోచ్ రిక్ పిటినో గ్రీసుకు వెళ్లి, 2020లో అయోనా అనే చిన్న కాలేజీలో చేరి, 2023లో సెయింట్ జాన్స్‌తో మళ్లీ పెద్ద వేదిక ఎక్కాడు. దిగిరావడానికి, తిరిగి ఎక్కడానికి అక్కడ దారి ఉంది.

ఇక మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్ చుట్టుపక్కల ఆటలకు కావలసిన సరంజామాకు లోటు లేదు. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891లో అమెరికాలోని ఒక వైఎంసీఏ శిక్షణ కేంద్రంలో. అదే సంస్థ నారాయణగూడ శాఖ కోర్టుల్లో ఈ ఆట ఆడుతూ నగరం పిల్లలు పెరిగారు. వ్యాయామ ఉపాధ్యాయులను తయారు చేసే ప్రభుత్వ కాలేజీ దోమలగూడలో ఉంది. బషీర్‌బాగ్ వైపు దిగితే ఎల్బీ స్టేడియం. పుల్లెల గోపీచంద్ చదివిన సెయింట్ పాల్స్ హైస్కూలు, ఏవీ కాలేజీ ఈ చుట్టుపక్కలవే. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ గదుల్లో డీఎస్సీకి చదువుతున్న యువతలో పీఈటీ కావాలనుకునేవారూ ఉన్నారు.

ఆ ఉద్యోగం వచ్చాక ముందు దారి మూసుకుపోతుంది. పీఈటీ ఎదుగుదల సర్వీసు సీనియారిటీని బట్టి ఉంటుంది. ఎన్ని జట్లను తయారు చేశారు, ఎంతమందిని రాష్ట్ర పోటీలకు పంపారు అన్నది లెక్కలోకి రాదు. కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే మళ్లీ డిగ్రీలు, మళ్లీ పరీక్ష. కోచ్ కావాలంటే పటియాలా ఎన్ఐఎస్ డిప్లొమా, ఆ తర్వాత క్రీడా ప్రాధికార సంస్థలో చాలాసార్లు కాంట్రాక్టు కొలువు. ఈ మూడు ఉద్యోగాలూ మూడు వేర్వేరు శాఖల కింద ఉన్నాయి. ఒకదాంట్లో చూపిన ఫలితం ఇంకోదాంట్లో చెల్లదు. యూనివర్సిటీ జట్టు సంగతి మరీ కష్టం. అంతర కళాశాలల పోటీలయ్యాక ఎంపిక, కొద్దిరోజుల శిబిరం, సౌత్ జోన్ ప్రయాణం. జట్టు వెంట వెళ్లే కోచ్‌కు వచ్చే ఏడాది అదే బాధ్యత ఉంటుందన్న భరోసా లేదు. రహీంకు, వుడెన్‌కు దొరికిన ఏళ్ల వ్యవధి ఈ పద్ధతిలో ఎవరికీ దొరకదు.

ఫలితంగా ఇక్కడ పిల్లలు ఎదుగుతారు, నేర్పినవారు ఉన్నచోటే ఉంటారు. వంద మీటర్ల హర్డిల్స్‌లో 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయురాలు జ్యోతి యర్రాజీలోని వేగాన్ని మొదట పట్టుకున్నది విశాఖలోని బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ తర్వాత హైదరాబాద్, గుంటూరు, చివరికి భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గరికి ఆమె ప్రయాణం సాగింది. ప్రతి మజిలీలో ఒక గురువు మారారు. మారడం అవసరమే, ఎవరి నైపుణ్యం వారిది. కానీ బడిలోని ఆ కన్ను మరో వంద బడులకు ఉపయోగపడేలా ఏ ఏర్పాటూ లేదు. గోపీచంద్‌కు నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్‌కు 2000లో ద్రోణాచార్య, సాయ్ అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్‌కు 2016లో ద్రోణాచార్య వచ్చాయంటే, ఈ గడ్డ మీద నేర్పేవారికి కొదవ లేదనే అర్థం. గోపీచంద్ మాత్రం శిక్షకుడిగా ఎదగడానికి గచ్చిబౌలిలో సొంత అకాడమీనే కట్టుకోవాల్సి వచ్చింది. ఆల్ ఇంగ్లండ్ విజేత కాబట్టి ప్రభుత్వం స్థలం ఇచ్చింది, దాతలు ముందుకొచ్చారు. మారుమూల మండలంలోని పీఈటీకి ఆ అవకాశం ఎక్కడిది?

మార్చవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఉస్మానియా జట్టుకైనా, ఆంధ్రా జట్టుకైనా కోచ్‌ను కనీసం మూడేళ్లకు నియమించాలి. ఆ ఎంపికలో బడి పీఈటీలకూ పోటీపడే హక్కు ఉండాలి. రాష్ట్ర శిబిరానికి పిలుపొస్తే డిప్యుటేషన్ మీద పంపి, బడిలో ఆ కాలానికి మరొకరిని పెట్టాలి. తిరిగి వచ్చినప్పుడు పాత పోస్టు, సీనియారిటీ చెక్కుచెదరకుండా దొరకాలి. పైన ఇమడలేక వెనక్కి రావడాన్ని ఎవరూ తక్కువగా చూడకూడదు, అక్కడ చూసిన పద్ధతులు బడికి చేరతాయి.

మిగిలింది పిల్లలను పంపిన బడి సంగతి. ఫుట్‌బాల్‌లో ఆటగాడు డబ్బుతో క్లబ్బు మారినప్పుడు ఆ మొత్తంలో 5 శాతం, అతన్ని 12 నుంచి 23 ఏళ్ల వయసులో పెంచిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నిబంధన. అదే తరహాలో, పతకం గెలిచిన క్రీడాకారిణికి నగదు ప్రకటించే ప్రభుత్వ ఉత్తర్వులోనే ఆమె మొదటి బడికి, అక్కడి పీఈటీకి ఒక వాటా రాయవచ్చు. అది బడి ఆటల ఖాతాలో పడితే బంతులు, వలలు, స్పైకులు కొనవచ్చు, జిల్లా పోటీలకు వెళ్లే పిల్లల బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చు సారు జేబులోంచి కాకుండా అందులోంచి చెల్లించవచ్చు.