అంగన్‌వాడీ అన్నం ఒంటికి పట్టాలంటే

బిలాస్‌పూర్ సిగ్నళ్ల మీద నడిచే ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగువాళ్ల వారసులు ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డారు. ఎర్ర లైటు వేళకు వెలగకపోతే ప్రమాదం, వెలిగాక ఆరకపోతే లైనంతా స్తంభిస్తుందన్న సంగతి వారికి వేరే చెప్పక్కర్లేదు. మన పేగుల సంగతీ అంతే.

చిన్నపేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకోసారి కొత్తదవుతుంది. పొర అడుగు గుంతల్లోని మూలకణాలు విభజన చెందుతూ, రాలిపోయే కణాల స్థానంలోకి కొత్తవాటిని పంపుతుంటాయి. కలుషిత నీటితో వచ్చిన క్రిములు పొరను గాయపరిస్తే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-22 వంటి సంకేతాలు పంపుతాయి. మరమ్మతు వేగం పెంచమని మూలకణాలకు అది ఆదేశం. గాయం మానగానే ఆ సంకేతం ఆగిపోవాలి.

ఆగకపోతేనే చిక్కు. పెద్దపేగులో వాపు ఏళ్ల తరబడి కొనసాగితే, అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో మాదిరిగా, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మురికి మధ్య పెరిగే పిల్లల చిన్నపేగుల్లో జరిగేది వేరు. మూలకణాలు ఎంత వేగంగా పనిచేసినా కొత్త కణాలు నిలదొక్కుకోకముందే రాలిపోతాయి. ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు పొట్టిబారతాయి. పొర జల్లెడలా మారి క్రిములు లోపలికి చొరబడతాయి, వాపు మళ్లీ రాజుకుంటుంది. విరేచనాలు లేకుండానే ఇదంతా జరిగిపోవచ్చు. వైద్యులు దీన్ని ఎన్విరాన్‌మెంటల్ ఎంటెరోపతి అంటారు. పిల్లలు ఎదగకపోవడానికి ఇదీ ఒక కారణమని పరిశోధకుల అంచనా.

ఆహార భద్రత చట్టాన్ని కేంద్రం కంటే ముందే, 2012లోనే తెచ్చిన రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1 శాతం. మనమూ గొప్పలు చెప్పుకునే పరిస్థితిలో లేము.

అలాగని మరుగుదొడ్డి కట్టించి చేతులు దులుపుకుంటే చాలదు. బంగ్లాదేశ్, కెన్యాల్లో ఇళ్ల వద్ద మరుగుదొడ్లు, సబ్బు, క్లోరిన్ సమకూర్చినా పిల్లల ఎత్తు పెరగలేదని 2018లో వెల్లడైన అధ్యయనాలు తేల్చాయి. అదనపు పోషకాహారం ఇచ్చినచోట కొంత ఫలితం కనిపించింది. అంటే తిండి తప్పనిసరి. పారిశుద్ధ్యం విషయంలో మాత్రం అరకొర చర్యలు ఈ వాపును ఆపలేవు. వీధి మొత్తం శుభ్రపడాలి, క్రిములు లేని నీరు ఇంటిదాకా రావాలి.

ఇంటింటికీ కుళాయి ఇస్తామంటూ 2019లో జల్‌జీవన్ మిషన్ మొదలైంది. కుళాయిలు ఎన్ని బిగించారన్న లెక్కతోపాటు, వాటిలో వచ్చే నీటి పరీక్ష ఫలితాన్నీ ప్రతి అంగన్‌వాడీ గోడ మీద రాసిపెట్టాలి. బియ్యం ఎన్ని కిలోలు పంచారో చెప్పే ప్రభుత్వాలు, ఆ అన్నం పిల్లల ఒంటికి ఎందుకు పట్టడం లేదో కూడా చెప్పాలి.