మందు మీ చేతిలో, లేబుల్ పిల్లల చేతిలో



ఆరో తరగతి పిల్లలను ‘మై పెట్’ అని వ్యాసం రాయమంటే చాలామంది కుక్కపిల్ల గురించే రాస్తారు. స్నానం చేయించడం, పిడుదులు ఏరడం, చివరికి ‘మందు కూడా నేనే వేస్తాను’ అని. ఆ బాధ్యత చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పిడుదుల మందు వేయడం మాత్రం పెద్దల పనే అని నా అభిప్రాయం. పిల్లలకు ఇవ్వాల్సింది ఆ మందు లేబుల్ చదివే పని.

మందు అవసరమే, వద్దనడం లేదు. పిడుదులు ఎక్కువైతే కుక్కపిల్లకు రక్తహీనత వస్తుంది, టిక్ ఫీవర్ సోకవచ్చు. అయితే మెడ వెనక చర్మం మీద వేసే స్పాట్-ఆన్ చుక్కలు పురుగులను చంపే రసాయనాలు. వాటికి వయసు, బరువు ముఖ్యం. ఫిప్రోనిల్ ఉన్నవాటిని సాధారణంగా 8 వారాలు నిండాకే వాడాలి. సెలామెక్టిన్‌ను 6 వారాల నుంచి వాడవచ్చు. మందు మారితే వయసు కూడా మారుతుందన్నమాట. పెద్ద కుక్కకు కొన్న ట్యూబులో సగం వేస్తే సరిపోతుందనుకోకండి. ఆ సగం ఎంతో కంటి అంచనాకు అందదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ స్పాట్-ఆన్‌లపై వచ్చిన ఫిర్యాదులను పరిశీలించి, కొన్ని మందులతో చిన్న జాతి కుక్కలకే ఎక్కువ ఇబ్బంది కలుగుతోందని 2010లో చెప్పింది.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. పశువుల మందుల షాపులో గేదెల కోసం అమ్మే అమిట్రాజ్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ సీసా తెచ్చి, మూత లెక్కన నీళ్లలో కలిపి కుక్కపిల్లకు పూసేస్తాం. అవి గాఢమైన మందులు. గేదె తట్టుకునే మోతాదు రెండు కిలోల ప్రాణి మీదకు వస్తే విషమే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త. కుక్కల మందుల్లో ఉండే పర్‌మెత్రిన్ పిల్లుల ప్రాణం తీయగలదు.

ఈ వివరాలు చాలావరకు ప్యాకెట్ మీదే, ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. అందుకే నా సలహా: దాన్ని మీ అబ్బాయికో అమ్మాయికో ఇచ్చి చదివించండి. తర్వాత ఐదు ప్రశ్నలు అడగండి. ఇది ఏ జంతువుకు? ఎన్ని వారాలు నిండాలి? ఎన్ని కిలోల బరువుకు? మళ్లీ ఎన్ని రోజులకు వేయాలి? ఎవరికి వేయకూడదు? ఒక్కదానికి జవాబు దొరకకపోయినా సీసా పక్కన పెట్టి, వెటర్నరీ డాక్టర్‌ను అడగండి.

మందు వేసేటప్పుడు గ్లవ్స్ తొడుక్కోండి. అది ఆరేదాకా పిల్లలను కుక్కపిల్లను ముట్టుకోనివ్వకండి. అది తన ఒంటిని నాకకుండా చూడండి. చొంగ కార్చడం, వాంతులు, వణుకు, తూలడం, ఫిట్స్ కనిపిస్తే చిట్కా వైద్యాలు వద్దు. ప్యాకెట్ పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

మన పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకునేది మార్కుల కోసమే కాదు కదా. కాంప్రహెన్షన్ ప్యాసేజ్‌లో తప్పు జవాబు రాస్తే ఒక మార్కు పోతుంది. లేబుల్ చదవకపోతే, మనల్ని నమ్ముకున్న ఓ చిన్న ప్రాణం పోవచ్చు.

— మీ ఇంగ్లిష్ టీచర్