బస్సు ఉచితమే, నిలబడే చోటేది?

మహబూబ్‌నగర్ కొత్త కలెక్టరేట్ 2022 డిసెంబరులో పట్టణం అంచున, పాలకొండ దగ్గర మొదలైంది. సోమవారం ప్రజావాణికి దరఖాస్తు పట్టుకొచ్చే పల్లె ఆడమనిషి కండక్టర్‌కు ఆధార్ చూపించి, జీరో టికెట్ మీద బస్టాండు దాకా పైసా ఖర్చు లేకుండా వస్తుంది. అక్కడ దిగాక చాలామందికి ఆటోనే దిక్కు. పోనూ రానూ కిరాయి. 2023 డిసెంబరు 9న వచ్చిన మహాలక్ష్మి పథకం ఆమె కొంగున మిగిల్చిన డబ్బును ఆ చివరి కాస్త దూరం తినేస్తోంది.

ఉచిత ప్రయాణం తప్పని నేననడం లేదు. అది నిలవాలి. అయితే టికెట్ గురించి ఆలోచించినంతగా స్టాపు గురించి మనం ఆలోచించలేదు. మహబూబ్‌నగరైనా, నల్లగొండైనా పట్టణం అన్నివైపులా పెరిగింది. ఆఫీసులు, కాలేజీలు, కాలనీలు అంచులకు పోయాయి. బస్సు ఎక్కే చోట్లు మాత్రం పాత చౌరస్తాల్లోనే ఉండిపోయాయి.

ట్రాములున్న నగరాల్లో పట్టాలతో పాటే ఎక్కే చోటు కూడా ఖరారవుతుంది. మద్రాసులో 1953 దాకా తిరిగిన ట్రామైనా, మెల్‌బోర్న్‌లో ఇప్పుడు తిరిగే ట్రామైనా పట్టా విడిచి పక్కకు పోలేదు. మెల్‌బోర్న్‌లో కొత్తగా కట్టే స్టాపుల అరుగు ట్రాము గడప ఎత్తుకే ఉంటుంది. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. నల్లగొండకో పాలమూరుకో (మహబూబ్‌నగర్‌కో) ట్రాము కావాలని అడగడం లేదు. పట్టాలు లేని బస్సు ఎక్కడైనా ఆగగలదు, ఆగకుండానూ పోగలదు. అందుకే దానికి గట్టి స్టాపు ఇంకా ఎక్కువ అవసరం.

ఇప్పుడున్న షెల్టర్లను ఎండాకాలం సాయంత్రం నాలుగింటికి చూడాలి. పడమటికి ముఖం పెట్టి కట్టినదాంట్లో నీడ వెనక గోడ అవతల పడుతుంది, ఎండ బెంచీ మీద పడుతుంది. రేకు కప్పు కింద గాలి సెగలు కక్కుతుంది. తెలంగాణలో ఎండలు మండిపోయే జిల్లాల్లో నల్లగొండ ఒకటి. అక్కడ ఇది చిన్న లోపం కాదు. జనం షెల్టర్ విడిచి వేపచెట్టు కిందికి పోతారు. బస్సు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఆగుతుంది. సంచులతో, చంకన పిల్లతో ఉరికినవాళ్లకు సీటు, ఉరకలేని ముసలమ్మకు తర్వాతి బస్సు. షెల్టర్ నుదుటన కట్టించినవారి పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో మాత్రం ఎక్కడా ఉండదు.

దీనికి మూలం ఒక్కటే: స్టాపుకు యజమాని లేడు. బస్సు ఆర్టీసీది. రోడ్డు ఆర్ అండ్ బీదో, జాతీయ రహదారుల సంస్థదో. షెల్టర్ మున్సిపాలిటీదో, ఎంపీ నిధులదో, దాతదో. బెంచీ విరిగితే ఎవరికి చెప్పాలి? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. బస్‌స్టాపులు వారికి అందుబాటులో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ర్యాంపు ఉన్న స్టాపు ఈ రెండు పట్టణాల్లో ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఢిల్లీ నుంచి పెద్ద సాయం వస్తుందని ఎదురుచూడలేం. 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ 10,000 బస్సులు ఇస్తామంది గానీ, ప్రధానంగా 2011 లెక్కల్లో 3 లక్షల జనాభా దాటిన నగరాలకే. ఆ లెక్కల్లో మన రెండు పట్టణాలూ ఆ గీత దాటలేదు. కాబట్టి పని ఇక్కడే మొదలవ్వాలి. మహబూబ్‌నగర్ ఇప్పుడు మున్సిపల్ కార్పొరేషన్. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డు, మోరీ అడిగినట్టే బస్సు ఆగే బే కూడా అడగొచ్చు. స్టాపు ఎక్కడుండాలో ముందు ఆ రూటు కండక్టర్లను, రోజూ నిలబడే ఆడవాళ్లను అడగాలి. నిర్వహణ కార్పొరేషన్‌దేనని బోర్డు మీద ఫోన్ నంబరుతో సహా రాయాలి.

ఒక మాట చెప్పాలి. స్టాపు కట్టగానే అక్కడి మిర్చి బండిని, చాయ్ డబ్బాను తరిమేయడం మనకు అలవాటు. అది తప్పు. రాత్రి ఎనిమిది దాటాక ఒంటరిగా బస్సు కోసం నిలబడ్డ అమ్మాయికి ఆ బండి దీపమే ధైర్యం. షెల్టర్ పక్కనే వాళ్లకూ గీత గీసి చోటు చూపాలి.

మొదట రెండే కట్టండి. పాలమూరులో కలెక్టరేట్ గేటు ముందు ఒకటి, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ గేటు ముందు ఒకటి. తూర్పు ముఖం, ఎత్తు అరుగు, ర్యాంపు, తాగునీళ్లు, దీపం, బస్సుల వేళలు. వచ్చే ఎండాకాలం లోపు.